కాఫీ తొక్క, పొర, పిప్పి ఆహారంలోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

కాఫీ తోటలో, గింజలు వేయించే చోట, ఇంట్లో ఫిల్టర్ అడుగున మిగిలేవాటిని తినే సరుకుగా మార్చాలనుకునేవారి కోసం ఈ పేజీ. తోట లెక్కలు అరబికా రకం కాఫీకి సంబంధించినవి. పాడేరు, అరకు కొండల్లో పండేది ప్రధానంగా అదే. అన్ని జవాబుల వెనుకా ఉన్న మాట ఒకటే: ఒక పదార్థం చివరికి తినేదిగా మారాలంటే, పండు కోసిన గంట నుంచే దాన్ని తినేదిగా చూడాలి. ముందు చెత్తగా కుప్పపోసి తర్వాత శుద్ధి చేద్దామంటే కుదరదు.

కాఫీ పండులో ఏమేం మిగులుతాయి? వాటిలో తినదగినవి ఏవి?

బయటి నుంచి లోపలికి వెళ్తే ఎర్రటి తొక్క, దానికి అంటుకున్న గుజ్జు, తర్వాత తీపి జిగురు, గట్టి పార్చ్‌మెంట్, గింజను అంటుకుని ఉండే పల్చని పొర (సిల్వర్ స్కిన్), చివరికి గింజ. తడి పద్ధతిలో పల్పర్ (పండు తొక్క ఒలిచే యంత్రం) వేసినప్పుడు తొక్క, గుజ్జు కలిసి బయటికొస్తాయి. దాన్ని ఎండబెడితే కాస్కరా. గింజ వేయించేటప్పుడు రాలేది సిల్వర్ స్కిన్. డికాక్షన్ దిగాక మిగిలేది పిప్పి. ఆహారంగా ఆలోచించదగినవి ఈ మూడే.

పార్చ్‌మెంట్ చెక్కపొట్టు లాంటిది, పొయ్యిలోకి తప్ప పనికిరాదు. జిగురు కడిగిన నీళ్లు ఆహారం కాదు సరికదా, వాగులో వదిలితే నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసి చేపలను చంపుతాయి.

వంద కిలోల పండ్లకు ఎంత కాస్కరా వస్తుంది?

పల్పింగ్ తర్వాత తడి తొక్క 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. 42 కిలోలనుకుందాం. అందులో నీరు 78 శాతం అయితే అసలు పదార్థం 9.2 కిలోలు. 11 శాతం తేమ దగ్గర ఆపితే చేతికొచ్చేది దాదాపు 10.4 కిలోలు. అదే వంద కిలోల పండ్లకు శుభ్రం చేసిన పచ్చి గింజలు 16 నుంచి 18 కిలోలు వస్తాయి.

ఈ లెక్కలో అసలు సంగతి నీరు. ఒక కిలో కాస్కరా చేయాలంటే మూడు కిలోల నీటిని ఆవిరి చేయాలి. మామూలు కరెంటు డ్రయ్యర్‌లో కిలో నీటికి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ ఖర్చవుతుంది, అంటే కిలో సరుకుకు మూడు నుంచి నాలుగున్నర యూనిట్లు. ధర చెప్పే ముందు ఈ ఖర్చు వేసుకోండి. చాలామంది ముడిసరుకు ఉచితం కదా అని లెక్క మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు.

కాస్కరా చేసే పద్ధతి వివరంగా చెప్పండి.

పండ్ల ఎంపికతో మొదలుపెట్టాలి. నిండుగా ఎర్రబడినవే కావాలి. పచ్చివి కలిస్తే గడ్డి రుచి, వగరు వస్తాయి. చెట్టుమీదే నల్లబడి ఎండినవాటిలో బూజు ముందే ఉంటుంది. తొట్టిలో నీళ్లు పోసి తేలినవాటిని తీసేయండి. తర్వాత తాగడానికి పనికొచ్చే నీటితో రెండుసార్లు కడగండి. గింజల కోసమైతే పండును ఇంత కడగరు, కానీ ఇక్కడ అమ్మేది తొక్కనే.

కోసిన రోజే, వీలైతే ఎనిమిది గంటల్లోపు పల్పింగ్ అయిపోవాలి. గోనెసంచుల్లో రాత్రంతా ఉంచిన పండ్లు లోపల వేడెక్కి పులుస్తాయి. వాటి గింజలు ఎలాగోలా చెల్లిపోవచ్చు, తొక్క మాత్రం కాస్కరాకు పనికిరాదు. పల్పర్ శుభ్రంగా ఉండాలి: నిన్నటి తొక్క ఇరుక్కుని ఉండకూడదు, బేరింగుల గ్రీజు సరుకు దారిలోకి కారకూడదు. పండు గుజ్జు పుల్లగా ఉంటుంది కాబట్టి తుప్పు పట్టిన రేకు, రాగి డ్రమ్ము కంటే స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. నీళ్లు తక్కువగా వాడే ఎకో పల్పర్ అయితే ఇంకా మంచిది. నీళ్లతో కొట్టుకొచ్చిన తొక్క తన చక్కెరను ఆ నీళ్లలోనే వదిలేస్తుంది, పైగా ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది.

పల్పర్ నుంచి వచ్చిన తొక్కను నేలమీద పడనివ్వకుండా క్రేట్లలోకి తీసుకుని, గంటలోపు మెష్ మంచాలపై పరచండి. చదరపు మీటరుకు 5 కిలోలు, మందం రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. 42 కిలోలకు సుమారు ఎనిమిదిన్నర చదరపు మీటర్ల మంచం కావాలి. మొదటి రోజు గంటకోసారి తిరగేయాలి, రెండో రోజు నుంచి రెండు గంటలకోసారి చాలు. తొక్కలో దాగిన గింజలను, కాడలను తడిమీదే ఏరేయాలి; ఎండాక ఏరడం కష్టం.

సాయంత్రం నాలుగున్నరకల్లా మంచాలు కప్పేయండి. నవంబరు నుంచి జనవరి దాకా పాడేరు వైపు రాత్రి మంచు, పొగమంచు ఎక్కువ. పగలు పోయిన తేమ రాత్రికి తిరిగి చేరుతుంది. పంట మొదట్లో తుఫాను వానలు కూడా పడుతుంటాయి. అందువల్ల ఎండనే నమ్ముకోవడం ఈ కొండల్లో జూదమే. పాలీషీట్ సోలార్ డ్రయ్యర్ గానీ, 50-55 డిగ్రీల వేడిగాలి డ్రయ్యర్ గానీ ఉండాలి. ట్రేలో పల్చగా వేస్తే 12 నుంచి 16 గంటల్లో అవుతుంది. 60 డిగ్రీలు దాటితే పండు వాసన పోతుంది. పార్చ్‌మెంట్ పొట్టును ఇంధనంగా వాడితే వేడిగాలి మాత్రమే సరుకును తాకాలి, పొగ తాకకూడదు.

ఎండిందని ఎలా తెలుస్తుంది?

తూకమే నమ్మదగినది. ఒక ట్రేలో సరిగ్గా 10 కిలోల తడి తొక్క వేసి గుర్తుపెట్టుకోండి. అది రెండున్నర కిలోలకు దిగితే తేమ 11 శాతం దగ్గర ఉన్నట్టు. చేత్తో వంచితే విరగాలి, సాగకూడదు. అమ్మకానికైతే వాటర్ యాక్టివిటీ మీటర్‌తో చూసి 0.60 లోపు ఉందని నిర్ధారించుకోండి. తేమ శాతం ఎంత నీరుందో చెబుతుంది, బూజుకు ఆ నీరు అందుతుందో లేదో ఈ అంకె చెబుతుంది. ఎండినదాన్ని చల్లారాకే సంచిలో వేయాలి. వేడిమీద కట్టేస్తే లోపల చెమట పట్టి పైపొర మళ్లీ తడుస్తుంది.

చక్కెర ఎక్కువ కాబట్టి కాస్కరా గాలిలోని తేమను వేగంగా పీల్చుకుంటుంది. మామూలు ప్లాస్టిక్ సంచి చాలదు. అల్యూమినియం లామినేట్ పౌచ్ వాడండి.

తెల్లబూజు కాస్త కనిపిస్తే దులిపేసి వాడొచ్చా?

వాడకూడదు. కనిపించే బూజు కంటే కనిపించని విషం ప్రమాదం. కాఫీలో భయపడాల్సింది ఓక్రాటాక్సిన్-ఏ. ఆస్పర్‌జిల్లస్ జాతి బూజుల నుంచి వస్తుంది, మూత్రపిండాలకు చేటు. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, టీ కాచే వేడికి అసలే పోదు. పండులో బూజు ముందు పట్టేది గింజకు కాదు, తొక్కకే. పైగా గింజకు ఉన్నట్టు వేయించే దశ కాస్కరాకు లేదు.

విషం పుట్టేది ఎక్కువగా ఆరీ ఆరని మధ్య దశలో. పూర్తి తడిలో ఈస్టులు, బ్యాక్టీరియా బూజును అణచి ఉంచుతాయి, పూర్తి పొడిలో అది పెరగలేదు. ఆ మధ్య దశను ఎంత త్వరగా దాటిస్తే అంత క్షేమం. రెండు రోజులు మబ్బుపట్టి తొక్క మెత్తగా జిగటగా ఉండిపోయిందంటే ఆ బ్యాచ్‌ను ఎరువు గుంతలో వేయండి. దాన్ని కాపాడుకోవడానికి మళ్లీ డ్రయ్యర్‌లో వేయడం వల్ల విషం ఎండుతుందే తప్ప పోదు.

మాది డ్రై చెర్రీ. మిల్లులో వచ్చే పొట్టు చాలా ఉంది. దాన్ని పిండి పట్టించొచ్చా?

ఈ ప్రశ్న మన్యంలో ఎక్కువగా వస్తుంది. జవాబు: వద్దు. పండును మొత్తంగా ఎండబెట్టి మర ఆడించినప్పుడు వచ్చే పొట్టులో తొక్కతోపాటు పార్చ్‌మెంట్ ముక్కలూ కలిసి ఉంటాయి. ఎంత మెత్తగా విసిరినా పంటికింద ఇసుకలా తగులుతుంది. ఆరడానికి రెండు మూడు వారాలు పట్టడం, చాలాచోట్ల మట్టినేల మీద ఎండటం వల్ల బూజు విషం, దుమ్ము, రాళ్లు కూడా కలుస్తాయి.

యెమెన్‌లో శతాబ్దాలుగా కిషర్ అనే పానీయం కాచేది ఎండు పండు తొక్కతోనే కదా అని అడుగుతారు. నిజమే. అల్లం వేసి కాచుకుంటారు. కానీ అక్కడి కొండగాలి బాగా పొడిగా ఉంటుంది. ఆ పద్ధతిని యథాతథంగా తూర్పు కనుమల తేమలోకి తేలేం.

మందులు కొట్టిన తోట తొక్క వాడొచ్చా?

పురుగుమందైనా, ఆకుతుప్పుకు కొట్టే బోర్డో మిశ్రమమైనా ముందు చేరేది తొక్కమీదికే. గింజకు తొక్క రక్షణ, తొక్కకు ఏ రక్షణా లేదు. కాస్కరా కోసం తోటలో ఒక భాగాన్ని విడిగా పెట్టుకుని, కాయ కట్టాక అక్కడ ఏమీ కొట్టకుండా ఉండటం సులువైన దారి. గిరిజన రైతుల తోటల్లో రసాయనాలు తక్కువే, అయినా పరీక్ష మానొద్దు. మన దేశంలో ఒక మందుకు ఒక పంటలో పరిమితి నిర్ణయించకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. పక్క పొలం నుంచి గాలికొచ్చిన తుంపర కూడా దాన్ని దాటించగలదు.

ఇంకో సంగతి. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీ కాయ తొలుచు పురుగు (బెర్రీ బోరర్) కనబడింది. కాయ కొనమీద సూదిబెజ్జం ఉన్నవాటిని ఆహారానికి తీసుకోవద్దు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోయొద్దు. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి పూడ్చేయాలి.

కాస్కరా ఎలా కాచుకోవాలి? కెఫీన్ ఎంత?

లీటరు నీటికి 15-20 గ్రాములు, మరిగి కాస్త చల్లారిన నీళ్లు (92-95 డిగ్రీలు), ఐదారు నిమిషాలు. అంతకు మించి నానబెడితే వగరు దిగుతుంది. చల్లగా కావాలంటే లీటరుకు 50-60 గ్రాములు వేసి ఫ్రిజ్‌లో 12 నుంచి 16 గంటలు ఉంచండి. ఎండు ఖర్జూరం, మందార టీ కలిసినట్టు ఉంటుంది; కాఫీ రుచి ఆశించకండి. పాలు పోస్తే విరిగే అవకాశం ఉంది, పోయకపోతేనే మంచిది. అల్లం, చిటికెడు దాల్చినచెక్క బాగా కుదురుతాయి.

ఎండు తొక్కలో కెఫీన్ రకాన్ని బట్టి మారుతుంది. 0.6 శాతం అనుకుంటే, 20 గ్రాముల్లో 120 మిల్లీగ్రాములు. మొత్తం దిగినా లీటరుకు అంతే. 150 మిల్లీల కప్పుకు 18 మిల్లీగ్రాములు, అంటే ఫిల్టర్ కాఫీలో నాలుగో వంతుకు మించదు. చల్లటి పద్ధతిలో తొక్క మూడింతలు వేస్తాం కాబట్టి కెఫీన్ కూడా పెరుగుతుంది. సీసాల్లో అమ్మేవారు దాన్ని విడిగా పరీక్ష చేయించాలి.

సిరప్?

వంద గ్రాముల కాస్కరాకు అర లీటరు నీళ్లు. 90 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి గుడ్డలో వడకట్టి పిండితే 350 మిల్లీలకు అటూఇటూగా కషాయం వస్తుంది. దాని బరువుకు ఒకటిన్నర రెట్లు చక్కెర కలిపి కరిగించి, రిఫ్రాక్టోమీటర్‌లో 65 బ్రిక్స్ (బరువులో దాదాపు 65 శాతం చక్కెర) చూడండి. పీహెచ్ 4 కంటే తక్కువకు రావాలి. కాస్కరా ఒక్కటే సాధారణంగా అంత పులుపు ఇవ్వదు కాబట్టి నిమ్మరసం గానీ సిట్రిక్ యాసిడ్ గానీ తప్పదు. 85 డిగ్రీల వేడిమీదే సీసాలో నింపి మూతపెట్టి, సీసాను ఒక్క నిమిషం తలకిందులుగా ఉంచండి. చక్కెర సగానికి తగ్గిస్తే అది సిరప్ కాదు, పులిసే పానకం. తాగేటప్పుడు ఒక వంతు సిరప్‌కు ఐదు వంతుల సోడా కలిపితే చాలు.

కాస్కరా పిండితో రొట్టె, బిస్కెట్లు చేస్తే ఎందుకు చెడుతున్నాయి?

మూడు కారణాలుంటాయి. మొదటిది ఎక్కువ వేయడం. బ్రెడ్‌లో మైదాకు బదులు 5 శాతం, మహా అయితే 8 శాతం. బిస్కెట్లలో 10 నుంచి 15 శాతం దాకా వెళ్లొచ్చు. ఈ పిండిలో గ్లూటెన్ (గోధుమపిండిని సాగేలా చేసే ప్రోటీన్) లేదు, పైగా పీచు గ్లూటెన్ తీగలను తెంపుతుంది. 10 శాతం దాటితే బ్రెడ్ పొంగక ఇటుకలా వస్తుంది.

రెండోది నీళ్లు. పీచు నీటిని బాగా తాగుతుంది, కానీ నెమ్మదిగా. కిలో పిండికి 600 మిల్లీలు పోసే బేకరీ, 950 గ్రాముల మైదా, 50 గ్రాముల కాస్కరా పిండికి 630-640 మిల్లీలు పోయాలి. కలిపాక 20 నిమిషాలు ఆగి, అప్పుడు పిసకాలి. ఆగకుండా చేస్తే ముద్ద మొదట జారుగా, ఓవెన్‌లోకి వెళ్లేసరికి గట్టిగా అవుతుంది.

మూడోది జల్లెడ. 60 మెష్‌లో, అంటే 250 మైక్రాన్లలో దిగిందే వాడాలి. పైన మిగిలిన రవ్వను మళ్లీ విసిరినా దిగకపోతే అది పార్చ్‌మెంటే, పారేయండి. చక్కెర ఉన్న సరుకు కాబట్టి గ్రైండర్ వేడెక్కితే జార్‌కు అంటుకుంటుంది. ముందు రాత్రి తొక్కను ఫ్రీజర్‌లో పెట్టి, కొద్దికొద్దిగా పట్టండి. ఇక రంగు: ముదురు గోధుమ రంగు ఖాయం, కాబట్టి వాడాల్సింది రాగి, బెల్లం, చాక్లెట్, ఖర్జూరం ఉన్న వంటల్లోనే. తెల్ల కేకులో వేసి మాడిందా అని అడిగించుకోకండి.

గ్లూటెన్ లేదని రాయాలంటే గోధుమలు ఆడించని మర కావాలి.

సిల్వర్ స్కిన్‌ను ఎలా వాడాలి?

పచ్చి గింజ బరువులో ఒకటి రెండు శాతమే, పరిమాణంలో మాత్రం బస్తాలు నిండుతుంది. సగానికి పైగా పీచు, 16-19 శాతం ప్రోటీన్. కాగితం మీద ఈ అంకెలు ఆకర్షణీయంగా ఉంటాయి గానీ మూడు చిక్కులున్నాయి. రోస్టర్ సైక్లోన్‌లో (గాలితో వచ్చే పొరను పట్టి ఆపే భాగం) పొగ మసి కూడా కలిసి చేరుతుంది కాబట్టి, ఆహారానికైతే సైక్లోన్‌ను, గొట్టాలను తరచూ శుభ్రం చేసి విడి డబ్బాలో పట్టాలి. ఈ పొర వేయించే వేడికి గురైంది, అందుకే అక్రిలమైడ్ (వేయించినప్పుడు పుట్టే హానికర రసాయనం) ఉంటుంది. పరీక్ష లేకుండా అమ్మొద్దు. అన్నిటికంటే ముందు చూడాల్సింది నిప్పు. వేడిగా ఉన్న పొరను సంచిలో కుక్కితే లోపల కనిపించని రవ్వ గంట తర్వాత అంటుకుంటుంది. ఇనుప డబ్బాలో పట్టి, మూతపెట్టి, పూర్తిగా చల్లారాకే తీయండి. బిస్కెట్లలో 3 నుంచి 5 శాతం చాలు, అంతకు మించితే గడ్డి నమిలినట్టు ఉంటుంది.

ఇంట్లో ఫిల్టర్ కాఫీ పిప్పిని తినే పదార్థాల్లో వాడొచ్చా?

తక్కువ మోతాదులో వాడొచ్చు, డికాక్షన్ దిగిన వెంటనే ఆరబెడితే. 30 గ్రాముల పొడి వేసిన ఫిల్టర్‌లో, 70:30 చికోరీ మిశ్రమమైతే, ఎండాక సుమారు 20 గ్రాముల పిప్పి వస్తుంది. మన నియమాల ప్రకారం చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, అంటే దాదాపు సగం దాకా చికోరీ ఉండొచ్చు. చికోరీ ఎక్కువైతే పిప్పి జిగటగా ఉండి ఆరదు.

రాత్రంతా ఫిల్టర్‌లో ఉండిపోయిన పిప్పి మొక్కలకే. విశాఖ, విజయవాడ ఉక్కలో కొన్ని గంటలకే పాడవడం మొదలవుతుంది. వెంటనే తీసి, ట్రేలో అర సెంటీమీటరు మందంలో పరిచి, ఓవెన్‌లో 95-100 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటన్నర ఉంచండి. ఇరవై నిమిషాలకోసారి కలపండి. ఓవెన్ లేకపోతే మందపాటి బాణలిలో సన్నమంట మీద, ఆవిరి ఆగేవరకు. మేడమీద ఎండ మే నెలలో సరిపోతుంది, వానాకాలంలో సరిపోదు. తర్వాత మిక్సీలో మెత్తగా పట్టి జల్లించాలి. ఎండు పిప్పిలో 10-15 శాతం నూనె ఉంటుంది కాబట్టి నెలలోపు నూనె మక్కిన వాసన వస్తుంది. గాజు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో వాడేయండి.

రాగి బిస్కెట్లకు ఒక కొలత: రాగిపిండి 150 గ్రాములు, గోధుమపిండి 100, పిప్పి పొడి 12, బెల్లం పొడి 110, వెన్న 120, బేకింగ్ పౌడర్ అర చెంచా, పాలు 30-40 మిల్లీలు. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 170 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. పిప్పి 20 గ్రాములు దాటితే చేదు బెల్లాన్ని గెలుస్తుంది.

హోటళ్ల నుంచి పిప్పి సేకరించి అమ్మొచ్చా?

ఆహారంగా అయితే మేం వద్దనే అంటాం. పాలు, చక్కెర, టిష్యూలు కలిసిన డబ్బాలు, ఎన్ని గంటలు నిలవ ఉందో తెలియని సరుకు. ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ పిప్పి ఒకేరకంగా, ఒకేచోట దొరుకుతుంది, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో అలాంటి పెద్ద కర్మాగారం ఉంది కూడా. కానీ ఈ పరిశ్రమలో పిప్పి సాధారణంగా బాయిలర్‌కు ఇంధనం. దాన్ని ఆహారానికి మళ్లించాలంటే ఫ్యాక్టరీ లోపలే ప్రత్యేక డ్రయ్యర్ లైను పెట్టాలి, బయటివాళ్లు బస్తాల్లో కొని చేసే పని కాదు.

అమ్మాలంటే అనుమతులేమిటి?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) ప్రమాణాలు కాఫీ గింజకు, పొడికి, ఇన్‌స్టంట్‌కు, చికోరీ మిశ్రమానికి రాసినవి. ప్రమాణం లేని కొత్త పదార్థాలకు 2017 నాటి 'నిర్దేశించని ఆహారాల' నిబంధన కింద ముందస్తు ఆమోదం అడగాల్సి వస్తుంది. మామూలు ఆహార లైసెన్సు ఉంటే చాలనుకుని ముద్రించిన లేబుళ్లు వృథా కావచ్చు. సరుకు చేయకముందే రాతపూర్వకంగా స్పష్టత తీసుకోండి. పానీయంలో కెఫీన్ లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉంటే కెఫీన్ పానీయాల నిబంధనలు, హెచ్చరికలు వర్తిస్తాయి.

యూరోపియన్ యూనియన్ కాఫీ ఆకుల కషాయాన్ని 2020లో, ఎండిన పండు గుజ్జును 2022లో సంప్రదాయ ఆహారాలుగా అనుమతించింది. ఎగుమతి చేసేవారు ఆ నిబంధనలోని వాడుక పరిధి, కాలుష్య పరిమితులు చదువుకుని దాని ప్రకారమే పరీక్షలు చేయించాలి. కనీసం చేయించాల్సినవి: తేమ, వాటర్ యాక్టివిటీ, మొత్తం సూక్ష్మజీవులు, ఈస్టు-బూజు, సాల్మొనెల్లా, ఓక్రాటాక్సిన్, అఫ్లాటాక్సిన్, పురుగుమందులు, భార లోహాలు, కెఫీన్. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఆ పరీక్షకే ఉందో లేదో అడగండి, ల్యాబ్‌కు ఉంటే చాలదు. సాంకేతిక సలహాకు మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ), తోట విషయాలకు కాఫీ బోర్డు.

ఎవరు దూరంగా ఉండాలి?

గర్భిణులకు రోజు మొత్తం మీద కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ సూచన. టీ, కాఫీ, చాక్లెట్ అన్నీ కలిపి. పెద్దలకు 400. చిన్నపిల్లల బిస్కెట్లలో ఈ పిండి వేయకపోవడమే మేలు. కెఫీన్‌తో గుండెదడ, నిద్రలేమి వచ్చేవారికి కాస్కరా కూడా కాఫీ కిందే లెక్క.

మిగిలిన తొక్కంతా ఏం చేయాలి?

ఆహారానికి వెళ్లేది ఎప్పుడూ కొద్ది భాగమే. వంద కిలోల పండ్లలో చివరి కోతలవి, వానకు తడిసినవి, సమయం మించినవి తీసేస్తే మంచి తొక్క సగం కూడా ఉండకపోవచ్చు. మిగతాది పేడతో పొరలుపొరలుగా వేసి, నెలకోసారి తిరగేస్తూ మూడు నాలుగు నెలలు మాగబెట్టి తోటకే వేయండి. పశువులకు కుప్పలుగా పెట్టకండి, కెఫీన్, టానిన్ వల్ల మేత తగ్గిస్తాయి. ఎరువు గుంత వాగుకు దూరంగా, ఎత్తుమీద, పైన కప్పుతో ఉండాలి.